కనపడని నేలలో లంగరు

పడవను ఆపేది లంగరు బరువేనని ఒడ్డున ఉన్నవాళ్లు అనుకుంటారు. దూరప్రయాణాల తెరచాప పడవ పదిహేడు మీటర్ల పొడవుంటే ఇరవై టన్నులు దాటి తూగుతుంది. దాని లంగరు మాత్రం మామూలుగా ఒక మనిషి బరువుకు మించదు. అంత చిన్న ఇనుము అంత పడవను గాలిలో నిలబెట్టడానికి కారణం దాని మొన అడుగు నేలలో దిగడం, గొలుసు ఆ మొనను పైకి కాకుండా పక్కకు లాగడం. 1933లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్త జి.ఐ. టేలర్ రూపొందించిన లంగరు అచ్చం నాగలి ఆకారంలో ఉంటుంది. ఆయనకూ తెరచాప పడవల్లో తిరిగే అలవాటు ఉండేది. మెదక్ రైతుకు ఆ లంగరు పనితీరు విడమరిచి చెప్పనక్కర్లేదు. మేడి నొక్కిపట్టి కర్రు దించితే ఎద్దులు లాగేకొద్దీ లోతుకు పోతుంది, మేడి వదిలేస్తే మట్టిని గీరుకుంటూ పైకి తేలుతుంది.

అందుకే లోతు ఎంతుందో అంత గొలుసు వదిలితే చాలదు. నీటి లోతు అయిదు మీటర్లు, పడవ ముక్కు నీటిమీద మరో మీటరు ఎత్తు అయితే లెక్క ఆరు మీటర్లది. గొలుసయితే దానికి అయిదు రెట్లు, అంటే ముప్ఫై మీటర్లు వదలాలి. మోకు అయితే ఏడు రెట్ల దాకా. పోటు వస్తే నీరు ఎంత పెరుగుతుందో అదీ కలుపుకోవాలి. గొలుసులో ఎక్కువ భాగం అడుగున పడి ఉన్నప్పుడే లాగుడు అడ్డంగా ఉంటుంది. గొలుసు బిగుసుకుని నిటారుగా నిలబడితే మొన ఊడి వస్తుంది. ఇలా లంగరు వేసిన పడవ ఒకచోట బిగిసిపోయి ఉండదు. గాలి మారినప్పుడల్లా లంగరు చుట్టూ పెద్ద వలయంలో తిరుగుతుంది. కొత్త రేవులో పక్క పడవకు ఎంత ఎడం ఉండాలో నిర్ణయించేది ఈ వలయమే.

ఇక నేల సంగతి. ఇసుక, ఒండ్రు మంచి పట్టునిస్తాయి. బండరాయి మీద మొన దిగదు. నాచు మీద దిగినట్టే ఉండి జారుతుంది. పగడపు దిబ్బల్లో వేస్తే లంగరు చిక్కుకుంటుంది, పగడమూ విరుగుతుంది. నేల ఎలాంటిదో పడవలోంచి చాలాసార్లు కనపడదు కాబట్టి నావికులు పరీక్ష పెడతారు. లంగరు వేశాక ఇంజన్‌ను వెనక్కి తిప్పి పడవను లాగిస్తారు. ఒడ్డున ఒక గోపురం, దాని వెనక ఒక కొండకొన లాంటి రెండు గుర్తులు ఒకే వరసలో ఉండేట్టు చూసుకుంటారు. ఆ వరస చెదరకపోతే లంగరు పట్టినట్టు. ఇంత చేసినా గాలి ముదిరిన రాత్రి ఒకరు మేలుకుని ఉంటారు.

తెలుగువాళ్లకు బాగా పరిచయమున్న ఉష్ణమండల ద్వీపరేవు ఒకటుంది: మారిషస్ రాజధాని పోర్ట్ లూయీ. 1735లో గవర్నరుగా వచ్చిన మాహే ద లా బూర్దొనే దాన్ని ఫ్రెంచివాళ్ల ప్రధాన రేవుగా మలిచాడు. ద్వీపం మీద వీచే ఆగ్నేయపు గాలికి వెనకనున్న కొండలు అడ్డు, రేవు తెరుచుకునేది వాయవ్యానికి. ఆ కాలపు నావికులకు ఇంతకన్న కావలసింది లేదు. 2018లో భారత నౌకాదళం వారి తెరచాప పడవ ‘తారిణి’ కేప్‌టౌన్ నుంచి గోవాకు తిరిగివస్తూ, చుక్కాని యంత్రంలో లోపం రావడంతో, ముందుగా అనుకోని ఈ రేవులో ఆగింది. 56 అడుగుల ఆ పడవలో ఉన్నది ఆరుగురు మహిళా అధికారులు. వారిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. 2017 సెప్టెంబర్ 10న బయలుదేరి, భూమిని చుట్టి, 2018 మే 21న గోవా చేరారు. పడవ పేరు ఒడిశాలోని గంజాం జిల్లాలో రుషికుల్య ఒడ్డున కొండమీదున్న తారాతారిణిది. కళింగ వర్తకులు సముద్రం మీదికి పోయే ముందు మొక్కుకున్న దేవత ఆమె అని అక్కడి నమ్మకం.

లంగరునూ ఈ దేవతనూ పక్కపక్కన పెడితే ఒక పాత ప్రశ్న లేస్తుంది. పడవను ఆపడానికి లంగరు ఉంది, దాటించడానికి దేవత ఉంది. మతవిశ్వాసం మనిషికి ఈ రెండింటిలో ఏ పని చేస్తుంది? కొట్టుకుపోకుండా పట్టి ఉంచుతుందా, ఉన్నచోటు నుంచి అవతలికి చేరుస్తుందా? దీనికి అనుబంధంగా మరో ప్రశ్న, అంతకన్న కఠినమైనది: పట్టిందని నమ్మడానికీ పట్టిందని తెలియడానికీ మధ్య దూరం ఎంత?

సముద్రానికి వందల కిలోమీటర్ల లోపలున్న మెదక్ పట్టణం ఈ ప్రశ్నకు తగిన చోటు కాదనిపించవచ్చు. అయితే ఊళ్లోనూ చుట్టుపక్కలా మూడు మతాల ఆనవాళ్లున్నాయి. మూడూ నీటితోనో నావతోనో ముడిపడ్డవే. పాత మెదక్ జిల్లాలోని కొండాపూర్ తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ బంగారు నాణెం కూడా దొరికింది. సముద్రం ఈ నేలకు కొత్త కాదు.

మొదటిది చర్చి. ఇంగ్లీషు మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ 1895లో ఓడలో వచ్చి సికింద్రాబాదు చేరి, తర్వాత మెదక్‌లో స్థిరపడ్డాడు. 1914లో మొదలైన కేథడ్రల్ నిర్మాణం పదేళ్లు సాగి 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. కరువు రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ల జనం ఇక్కడ పనిచేసి గింజలు తీసుకెళ్లారు. గోపురం 175 అడుగులు. ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన రంగుటద్దాల కిటికీలు సముద్రం దాటి వచ్చినవి. పొద్దున ఎండ వాటిలోంచి పడితే నేలమీది పలకలకు ఎరుపూ నీలమూ అంటుకుంటాయి.

ఈ చర్చిలో చదివే బైబిల్లో హెబ్రీయులకు రాసిన పత్రిక ఆరో అధ్యాయం నిరీక్షణను ఆత్మకు లంగరని చెబుతుంది. క్రైస్తవం తొలి శతాబ్దాల్లో ఈ గుర్తును గట్టిగా పట్టుకుంది. రోములోని ప్రిస్కిల్లా భూగర్భ సమాధుల్లో రాళ్లమీద లంగరు బొమ్మలున్నాయి. అలెగ్జాండ్రియా క్లెమెంట్ విశ్వాసులు ముద్ర ఉంగరాల మీద చెక్కించుకోదగిన గుర్తుల్లో పావురం, చేప, ఓడలతో పాటు లంగరునూ చెప్పాడు. సిలువను బాహాటంగా చూపుకోగలిగే కాలం వచ్చాక లంగరు వెనక్కి తగ్గింది.

ఆ పత్రికలోని ఉపమానాన్ని జాగ్రత్తగా చదివితే విచిత్రంగా ఉంటుంది. అందులో లంగరు కిందికి పోదు. దేవాలయపు తెర వెనక, మనుషులు చూడలేని గర్భగుడి లోపలికి ప్రవేశిస్తుంది. వ్యాఖ్యాతలు కొందరు దీన్ని ఉపమానాల కలగాపులగం అన్నారు. నావికుడికి అలా అనిపించదు. అతడి లంగరు ఎప్పుడూ కనపడని చోటికే పోతుంది, చేతికి తెలిసేది గొలుసు బిగువు ఒక్కటే. ఆ పత్రిక చెప్పే నిరీక్షణ కూడా అలాంటిదే. అడుగున ఏముందో చూపదు, లాగితే ఆగుతున్నదని మాత్రం అంటుంది.

భారతీయ గ్రంథాల్లో నావ విరివిగా కనపడుతుంది. లంగరు అంతగా కనపడదు. సంసారం సాగరం, గురువు నావికుడు, నామం తారకం. తెలుగు భజనల్లో, తత్త్వాల్లో రేవు దాటించమని వేడుకోవడమే ఎక్కువ, ఇక్కడే కట్టేయమని అడిగేవాళ్లు తక్కువ. అయినా గాలికి కొట్టుకుపోయే నావ బెంగ మనకు లేదనుకోవడం తప్పు. భగవద్గీత రెండో అధ్యాయంలో ఇంద్రియాల వెంట పోయే మనసు బుద్ధిని లాక్కుపోవడాన్ని, నీటిమీది నావను గాలి లాక్కుపోవడంతో పోల్చారు. పశ్చిమ ఆసియా రచయిత అయితే ఆ తర్వాత లంగరును తెచ్చేవాడు. గీత తేలేదు. మూడు శ్లోకాల తర్వాత మరో నీటి బొమ్మ వస్తుంది: ఎన్ని నదులు వచ్చి పడినా పొంగని, కదలని సముద్రం. స్థితప్రజ్ఞుడు అలాంటివాడు. అంటే ఈ ఆలోచనలో నావను పట్టి ఉంచే ప్రయత్నమే లేదు. నావగా ఉండటం మానేసి సముద్రమయిపోవాలి. గంభీరమైన పరిష్కారమే. కాకపోతే గాలి వీస్తున్న ఈ రాత్రికి ఏం చేయాలో చెప్పదని ఆక్షేపిస్తే, అది తేలిగ్గా తోసిపుచ్చదగ్గ ఆక్షేపణ కాదు.

మెదక్‌కు దగ్గర్లోని కొల్చారంలో ఆ రాత్రికి ఒక జవాబుంది, మూడు ఆనవాళ్లలో రెండోది అదే. అక్కడి జైన ఆలయంలో నల్లరాతి పార్శ్వనాథుడు నిలువుగా, చేతులు రెండు పక్కలా వేలాడేసి, తలమీద పాము పడగలతో నిలబడి ఉంటాడు. ఇరవైమూడో తీర్థంకరుడు. తీర్థంకరులంటేనే దాటే రేవును ఏర్పరిచినవాళ్లు. జైన కథ ప్రకారం పార్శ్వుడు ధ్యానంలో ఉండగా జన్మజన్మల శత్రువైన కమఠుడు కుంభవృష్టి కురిపిస్తాడు. నీరు మోకాళ్లకు, నడుముకు, ముక్కుదాకా వస్తుంది. ఆయన కదలడు. నాగరాజు ధరణేంద్రుడు వచ్చి చుట్టలతో పైకెత్తి పడగ పడతాడు. ఇతరులను దాటించే మనిషి తాను వరదలో నిలబడిపోవడం ఈ కథలోని అసలు విశేషం. ఆయనను పట్టి ఉంచింది బయటి వస్తువు కాదు, మోకూ లేదు గొలుసూ లేదు. శరీరాన్ని వదిలేసినట్టు నిలబడే ఆ కాయోత్సర్గ భంగిమలోనే పట్టు ఉంది. రాతిలో చెక్కినప్పుడు ఆ భుజాలు ఏ మాత్రం బిగుసుకుని ఉండకపోవడం గమనించదగ్గది. బిగుసుకున్న గొలుసు లంగరును ఊడదీస్తుందన్న నావికుడికి ఇందులో తనకు తెలిసిన సత్యమే కనపడుతుంది.

మూడోది ఏడుపాయల. పాపన్నపేట మండలం నాగసానిపల్లి దగ్గర మంజీర ఏడు పాయలుగా చీలి ప్రవహిస్తుంది. జనమేజయుడి సర్పయాగం ఇక్కడే జరిగిందని స్థలపురాణం. పాయల నడుమ బండల మధ్య వనదుర్గా భవాని. శివరాత్రికి జాతర. పైన 1905లో కట్టిన ఘనపురం ఆనకట్ట ఉంది. సింగూరు నుంచి నీళ్లు వదిలి ఆనకట్ట పొంగినప్పుడు వరద గర్భగుడి ముందుకు, ఒక్కోసారి లోపలికీ వస్తుంది. అప్పుడు గుడి మూసేసి, ఉత్సవ విగ్రహాన్ని రాజగోపురం దగ్గర పెట్టి పూజలు కొనసాగిస్తారు. మూలవిరాట్టు నీటిలో ఉంటుంది, పూజ గట్టుమీద జరుగుతుంది. దీన్ని అర్చకుల సర్దుబాటుగా కొట్టిపారేయవచ్చు. నిజానికి ఇందులో ఒక స్పష్టమైన తత్త్వం ఉంది. స్థలం కదలదు, సేవ కదులుతుంది, రెండింటి మధ్య తెగని సంబంధం ఉంటుంది. లంగరు వేసిన పడవ వలయంలో తిరగడానికీ దీనికీ పోలిక ఎవరైనా చూడవచ్చు. నది అమ్మవారి పాదాలు కడిగి వెళ్లిందంటారు భక్తులు. వరదను శత్రువుగా కాక అభిషేకంగా లెక్కేసే ఈ మాట కొల్చారం కథకు పూర్తిగా విరుద్ధం, దూరం మాత్రం కొన్ని కిలోమీటర్లే.

స్థలం వదిలితే ధర్మం ఉంటుందా అన్నది ఇక్కడి నుంచి తప్పించుకోలేని ప్రశ్న. ధర్మశాస్త్రాలు దీనికి కటువుగానే జవాబిచ్చాయి. బౌధాయన ధర్మసూత్రం సముద్రయానాన్ని పతనహేతువుల్లో చేర్చింది. అదే గ్రంథం అది ఉత్తరాది వాళ్లకు ఆచారమనీ ఒప్పుకుంది. తర్వాతి నిబంధనకారులు దాన్ని కలియుగంలో వదిలిపెట్టాల్సిన పనుల్లో, కలివర్జ్యాల్లో పెట్టారు. నిత్యకర్మలు సాగవనీ, అన్నపానాల శుచి ఉండదనీ కారణాలు చెప్పారు. ఈ నిషేధం వెనక ఉన్న ఊహ ఏమిటంటే ధర్మం ఈ నేలలోనే దిగిన లంగరు, గొలుసు పొడవు తీరం దాకానే. శాతవాహనులు నాణేల మీద రెండు తెరచాప స్తంభాల ఓడ బొమ్మ వేయించిన తీరంలో ఈ నిషేధం ఎంతమందిని ఆపి ఉంటుందన్నది వేరే సంగతి.

సముద్రం దాటినవాళ్లలో ఎక్కువమందికి ఎంచుకునే అవకాశమే లేదు. 1834 నుంచి మారిషస్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలు వెళ్లడం మొదలయింది. 1920ల దాకా దాదాపు నాలుగున్నర లక్షలమంది పోర్ట్ లూయీ రేవులో దిగారు. వాళ్లు దిగిన ఆప్రవాసీ ఘాట్ 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలమైంది. తెలుగువాళ్లలో చాలామంది గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి నుంచి ఓడెక్కారు, అందుకే అక్కడ వాళ్లకు కోరంగీలనే పేరు పడింది. 1843లో వారిని చేర్చిన ఓడ పేరులోనే కోరంగి ఉంది. అంతకు నాలుగేళ్ల ముందే, 1839 నవంబరు తుఫానులో, సముద్రం కోరంగి మీదికి వచ్చి రేవునూ రేవులోని ఓడలనూ తుడిచిపెట్టింది. నేల మొత్తమే నీటి కింద మునిగిన చోట మంచి లంగరు, చెడ్డ లంగరు అన్న తేడా లేదు.

ఆ కూలీలు వెంట తీసుకెళ్లిన దేవుళ్లు చెరకు తోటల మధ్య నిలిచారు. సింహాచలం కొండమీది సింహాద్రి అప్పన్న పండగ మారిషస్ తెలుగువాళ్లలో ఉంది, అమ్మోరు పండగ ఉంది, రామభజన ఉంది. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. మాట్లాడే భాషగా తెలుగు చాలా ఇళ్లలో సన్నగిల్లినా పూజ నిలిచింది. నిషేధం రాసిన నిబంధనకారుల ఊహ తప్పని చెప్పడానికి ఇంతకన్న శాస్త్రార్థం అక్కర్లేదు. అయితే వాళ్ల భయం పూర్తిగా అబద్ధమూ కాదు. గొలుసు ఎంత పొడవు వదిలితే పడవ అంత పెద్ద వలయంలో తిరుగుతుంది. ద్వీపంలో నిలిచిన ఆచారం సింహాచలంలో ఉన్నట్టే ఉండదు.

వలస ఓడల ప్రస్తావన విశ్వాసం గురించిన ఒక ప్రసిద్ధ వాదానికి కూడా మొదలు. 1877లో ఇంగ్లీషు గణితవేత్త డబ్ల్యు.కె. క్లిఫర్డ్ నమ్మకం తాలూకు నీతి మీద ఒక వ్యాసం రాశాడు. అందులో ఒక ఓడ యజమాని వలసదారులతో నిండిన పాత ఓడను సముద్రం మీదికి పంపబోతాడు. ఓడ ఈ ప్రయాణానికి తట్టుకోదేమోనని అనుమానం వస్తుంది. ఇన్నాళ్లూ తిరిగింది, దేవుడు చూసుకుంటాడు అని తనకు తాను నచ్చజెప్పుకుంటాడు. ఓడ మునుగుతుంది. అతడు మనస్ఫూర్తిగానే నమ్మాడు, కానీ అలా నమ్మే హక్కు అతడికి లేదంటాడు క్లిఫర్డ్. ఓడ మునగకుండా గట్టెక్కినా అతడి తప్పు తప్పే. ఆ రోజుల్లో కూలీ ఓడలెక్కిన వాళ్లకు ఈ ఉదాహరణ ఊహాజనితం కాదు. యజమాని దైవభక్తికి మూల్యం చెల్లించేది ఓడ అడుగున కూర్చున్నవాళ్లు.

1896లో అమెరికన్ తాత్త్వికుడు విలియం జేమ్స్ దీనికి జవాబిచ్చాడు. కొన్ని నిర్ణయాలను వాయిదా వేయడం కుదరదు, ఆధారాలు పూర్తిగా చేతికి వచ్చేదాకా ఆగడం కూడా ఒక నిర్ణయమే అన్నాడు. మతవిశ్వాసం అలాంటిది. ఈ ఇద్దరిలో ఎవరు గెలిచారన్న చర్చ తత్త్వశాస్త్ర తరగతుల్లో ఇంకా నడుస్తూనే ఉంది. లంగరు వేసే రేవు నుంచి చూస్తే ఆ పోటీ కొంత కృత్రిమం. చీకటి పడేవేళ తెలియని రేవులోకి వచ్చిన నావికుడు అడుగున ఇసుకో బండో నిర్ధారించుకునేదాకా లంగరు వేయకుండా తిరగలేడు. ఎక్కడో ఒకచోట వేయాలి. అక్కడిదాకా జేమ్స్ మాట చెల్లుతుంది. వేశాక ఇంజన్ వెనక్కి తిప్పి లాగి చూడకుండా, ఒడ్డు గుర్తుల వరస గమనించకుండా పడుకుంటే క్లిఫర్డ్ చెప్పిన యజమాని అవుతాడు. ఆధారం లేకుండా నమ్మడాన్ని సమర్థించవచ్చు. నమ్మిన తర్వాత చూడటం మానేయడాన్ని సమర్థించలేం. కాకపోతే ఒక తేడా మిగులుతుంది. జారుతున్న లంగరును అరగంటలో కనిపెట్టవచ్చు, జారుతున్న విశ్వాసానికి ఏ గోపురాన్ని ఏ కొండతో వరస కలిపి చూడాలో అంత తేలికగా తెలియదు. ఏడుపాయల వరదలో గట్టుమీద పూజ చేస్తున్నవాళ్లను దూరం నుంచి చూసి, వీళ్ల లంగరు జారిందని చెప్పేవాళ్లుంటారు. అది గుర్తుల వరసను తమ పడవలోంచి చూడటం వల్ల వచ్చే తీర్పు.

చివరగా, వదలడం. బుద్ధుడు చెప్పిన తెప్ప కథ పాళీ మధ్యమ నికాయంలో ఉంది. ఏరు దాటడానికి కట్టుకున్న తెప్పను దాటాక నెత్తిన పెట్టుకుని నడవడం తెలివి కాదు, ధర్మం కూడా దాటడానికే, పట్టుకు వేలాడటానికి కాదు. ఈ కథ భారతీయ ఆలోచనలోని దాటే ధోరణికి పరాకాష్ఠ. లంగరును నమ్ముకున్న సంప్రదాయంలో దీనికి చోటు లేదనుకుంటారు. అపొస్తలుల కార్యములు ఇరవైఏడో అధ్యాయం చదివితే ఉందని తెలుస్తుంది. పౌలును ఖైదీగా రోముకు తీసుకెళ్తున్న ఓడ తుఫానులో చిక్కుకుని పద్నాలుగో రాత్రి ఏదో నేల దగ్గరికి వస్తుంది. లోతు కొలిస్తే మొదట ఇరవై బారలు, కాస్త పోయాక పదిహేను. బండలకు కొట్టుకుంటామన్న భయంతో వెనక వైపు నుంచి నాలుగు లంగర్లు వేసి తెల్లవారాలని ప్రార్థిస్తారు. ఆ రాత్రే నావికులు కొందరు ముందువైపు లంగర్లు వేసే నెపంతో చిన్న పడవ దింపి పారిపోవాలని చూస్తారు. లంగరు వేస్తున్నట్టు నటించడం మతంలో అరుదేమీ కాదు, ఆ రచయితకు అది తెలిసే ఉంటుంది.

తెల్లవారాక ఇసుక ఒడ్డున్న ఒక సముద్రపు పాయ కనపడుతుంది. అప్పుడు వాళ్లు లంగర్లు పైకి లాగరు. మోకులు కోసి నాలుగింటినీ సముద్రంలోనే వదిలి, ముందు తెరచాప గాలికెత్తి ఒడ్డుకు తోలతారు. ఓడ మెట్టపట్టి విరుగుతుంది. 276 మందీ ఈదుతూ, చెక్కలు పట్టుకుని మాల్టా ద్వీపం చేరతారు. బుద్ధుడి తెప్ప అవతలి గట్టు చేరాక వదిలేది, పౌలు ఓడ లంగర్లు గట్టు చేరకముందే, చేరడానికే వదిలినవి. రెంటిలో రెండోదే కష్టం. తెప్పను వదిలేవాడి కాళ్లకింద నేల ఉంటుంది. మోకు కోసేవాడికి ఎదురుగా కనపడుతున్న ఇసుక తప్ప మరో ఆధారం లేదు, రాత్రంతా కాపాడినవి ఆ నాలుగు లంగర్లేనని అతడికి తెలుసు.